ప్రాసెసర్ భద్రతా లోపాలు, ప్యాచ్‌లు, తగ్గే వేగం: తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే రెండు ప్రాసెసర్ లోపాల సంగతి 2018 జనవరి 3న లోకానికి తెలిసింది. ఆనాటి నుండి కొత్త లోపం బయటపడిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ వస్తున్నాయి: ప్యాచ్ (లోపాన్ని కప్పే అప్‌డేట్) పెట్టాలా, పెడితే యంత్రం ఎంత నెమ్మదిస్తుంది, ఆపేస్తే ఏమవుతుంది అని. ఆ సందేహాలను దశల వారీగా ఇక్కడ చేర్చాను. ప్రతి సమాధానం విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## లోపం గురించి

మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అంటే వైరస్‌ల పేర్లా?

కాదు, అవి ప్రాసెసర్ నిర్మాణంలోనే ఉన్న లోపాల పేర్లు. వైరస్ ఎవరో రాసి మన యంత్రంలోకి పంపిన ప్రోగ్రామ్; దాన్ని తొలగిస్తే పీడ వదులుతుంది. ఈ లోపాలు చిప్ ఫ్యాక్టరీ దాటేటప్పటికే అందులో ఉన్నాయి కాబట్టి తొలగించడానికి ఏమీ ఉండదు. వాటిని వాడుకునే దారులను మాత్రమే మూయగలం. ఒక ప్రోగ్రామ్‌కు చదివే హక్కు లేని మెమొరీని, అంటే మరో ప్రోగ్రామ్ దగ్గరున్న పాస్‌వర్డ్‌లను, ఎన్‌క్రిప్షన్ కీలను, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి కెర్నల్ లోపలి సమాచారాన్ని దొడ్డిదారిన రాబట్టడానికి ఇవి వీలు కల్పిస్తాయి. ఫైళ్లు చెరిగిపోవడం, మారిపోవడం వీటివల్ల నేరుగా జరగదు. కానీ దొంగ చూసింది పాస్‌వర్డ్ అయితే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ప్రాసెసర్ ముందే ఊహించి పని చేస్తుందంటే ఏమిటి? అందులో తప్పేముంది?

ప్రధాన మెమొరీ నుండి ఒక విలువ వచ్చేలోపు నేటి ప్రాసెసర్‌కు 200 సైకిళ్లకు (ప్రాసెసర్ గడియారపు టిక్కులకు) పైగా గడిచిపోవచ్చు. "ఈ విలువ పదికంటే తక్కువైతే ఇటు వెళ్లు, లేకపోతే అటు వెళ్లు" అని ప్రోగ్రామ్ చెప్పినప్పుడు ఆ విలువ వచ్చేవరకు చేతులు కట్టుకుని కూర్చుంటే వేగమంతా వృథా అవుతుంది. అందుకే గతంలో ఎక్కువసార్లు ఎటు వెళ్లిందో గుర్తుపెట్టుకుని అటే వెళ్లి పని మొదలుపెట్టేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ పద్ధతి 1995 నాటి పెంటియమ్ ప్రో నుండీ ఉంది. ఊహ నిజమైతే పని అప్పటికే పూర్తయి ఉంటుంది. తప్పైతే ఫలితాలను పారేసి వెనక్కి వస్తుంది.

రోజూ పెసరట్టు తినే మనిషి గుమ్మంలో కనబడగానే వంటమాస్టరు పెనం మీద పిండి పోసేయడం లాంటిది ఇది. ఆయన ఈరోజు ఇడ్లీ అడిగితే ఆ అట్టు పక్కన పడేస్తారు, బిల్లులో రాయరు. కానీ పెనం మాత్రం వేడిగానే ఉంటుంది. ఆ వేడి వంటివే ప్రాసెసర్‌లో మిగిలిపోయే జాడలు. ఊహించడంలో తప్పు లేదు. తప్పుడు ఊహను రద్దు చేశాక ఏ జాడా మిగలదని ఇరవై ఏళ్లకు పైగా అందరూ నమ్మడమే తప్పు.

రద్దు చేసిన పని నుండి రహస్యం ఎలా బయటపడుతుంది?

దాడి చేసే ప్రోగ్రామ్ ముందుగా తన సొంత మెమొరీలో 256 గదులున్న ఒక వరుసను సిద్ధం చేసుకుంటుంది. గదికీ గదికీ మధ్య 4096 బైట్ల దూరం ఉంచి, ఆ గదులేవీ క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమొరీలో) లేకుండా తుడిచేస్తుంది. తర్వాత తనకు హక్కు లేని చోట ఉన్న ఒక బైట్‌ను చదివి, ఆ బైట్ విలువ ఎంతో అన్నో గదిని తాకేలా ప్రాసెసర్‌ను తప్పుడు ఊహలోకి నడిపిస్తుంది. ఆ బైట్ విలువ 75 అనుకుందాం. ఊహలో ఉన్న ప్రాసెసర్ 75వ గదిని క్యాష్‌లోకి తెస్తుంది. అంతలో తప్పు తెలుసుకుని అన్నీ రద్దు చేస్తుంది, 75 అనే విలువ కూడా పోతుంది. కానీ 75వ గది క్యాష్‌లోనే ఉండిపోతుంది.

ఇప్పుడు దాడి చేసే ప్రోగ్రామ్ 256 గదులనూ ఒక్కొక్కటిగా చదివి, ప్రతిదానికీ ఎంత సమయం పట్టిందో చూస్తుంది. 255 గదులకు వందల సైకిళ్లు పడితే ఒక్క గది మాత్రం కొన్ని పదుల సైకిళ్లలోనే వచ్చేస్తుంది. ఆ గది సంఖ్యే రహస్యం. ఒక బైట్ దొరికాక పక్క బైట్, ఆ తర్వాత దాని పక్కది. మెల్ట్‌డౌన్ పరిశోధకులు ఈ పద్ధతిలో సెకనుకు 503 కిలోబైట్ల వరకు కెర్నల్ మెమొరీని చదవగలిగామని తమ పత్రంలో రాశారు.

మెల్ట్‌డౌన్‌కీ స్పెక్టర్‌కీ తేడా ఏమిటి?

మెల్ట్‌డౌన్‌లో ప్రాసెసర్ హక్కుల తనిఖీని ఆలస్యంగా చేస్తుంది. సాధారణ ప్రోగ్రామ్ కెర్నల్ మెమొరీని చదవబోతే "నీకు అనుమతి లేదు" అని చెప్పేలోపే ఆ విలువను తరువాతి ఆదేశాలకు అందించేస్తుంది. ప్రధానంగా ఇంటెల్ ప్రాసెసర్లలో, వాటితోపాటు ఆర్మ్ కార్టెక్స్-ఏ75లో, ఐబీఎమ్ పవర్ ప్రాసెసర్లలో ఇది బయటపడింది.

స్పెక్టర్‌లో దాడి చేసేవాడు తానుగా హద్దు దాటడు. హక్కున్న ప్రోగ్రామ్‌నే తప్పుడు ఊహలోకి నెట్టి, దాని మెమొరీని దానిచేతనే చదివిస్తాడు. మొదటి రకంలో హద్దుల తనిఖీ దాటిపోయేలా, రెండో రకంలో ఎక్కడికి దూకాలన్న అంచనా తప్పేలా చేస్తాడు. ఊహించి పనిచేసే దాదాపు ప్రతి ప్రాసెసర్‌కూ ఇది వర్తిస్తుంది కాబట్టి ఒకే ప్యాచ్‌తో తీరేది కాదు. మెల్ట్‌డౌన్‌ను కొత్త చిప్‌లలో పూర్తిగా సరిదిద్దగలిగారు. స్పెక్టర్ కుటుంబం మాత్రం ఇప్పటికీ పెరుగుతూనే ఉంది.

వీటిని ఎవరు కనిపెట్టారు? కంపెనీలకు ముందే తెలిసినా ఎందుకు చెప్పలేదు?

గూగుల్ భద్రతా పరిశోధన బృందమైన ప్రాజెక్ట్ జీరోలో పనిచేస్తున్న యాన్ హోర్న్, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు, జర్మనీకి చెందిన సైబరస్ టెక్నాలజీ వారు, స్పెక్టర్ విషయంలో క్రిప్టోగ్రఫీ నిపుణుడు పాల్ కోచర్, ఇలా పలువురు ఒకరికొకరు సంబంధం లేకుండానే వీటి దగ్గరికి చేరుకున్నారు. ప్రాజెక్ట్ జీరో 2017 జూన్ 1న ఇంటెల్, ఏఎమ్‌డీ, ఆర్మ్ సంస్థలకు సమాచారం ఇచ్చింది. 2018 జనవరి 9న అందరూ కలిసి ప్రకటించాలన్నది ఒప్పందం. అయితే లైనక్స్ కెర్నల్‌లో హఠాత్తుగా చేరుతున్న పెద్ద మార్పులను చూసినవారు ఏదో జరుగుతోందని పసిగట్టడంతో జనవరి 3నే వెల్లడించాల్సి వచ్చింది.

ప్యాచ్ సిద్ధం కాకముందే లోపాన్ని ప్రకటిస్తే దొంగకు తాళం చెవి ఇచ్చినట్లే కాబట్టి కొంతకాలం గుట్టుగా ఉంచడం న్యాయమే. అయితే ఆ రహస్య కాలంలో పెద్ద కంపెనీలకు తెలిసిన సంగతి చిన్న క్లౌడ్ సంస్థలకు, కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్ బృందాలకు తెలియలేదు. వాళ్లు చివరి వారంలో పరుగులు పెట్టవలసి వచ్చింది. ఆ విషయంలో వారి ఆగ్రహం సమంజసమైనదని నేను నమ్ముతాను.

2018లోనే ప్యాచ్‌లు వచ్చాయి కదా, ఇంకా కొత్త పేర్లు ఎందుకు వినిపిస్తున్నాయి?

క్యాష్‌లో జాడ మిగులుతుందని తెలిశాక పరిశోధకులు ప్రాసెసర్‌లోని మిగతా తాత్కాలిక నిల్వలన్నింటినీ వెతకడం మొదలుపెట్టారు. 2018 ఆగస్టులో ఫోర్‌షాడో, 2019 మేలో జోంబీలోడ్‌తో సహా ఎమ్‌డీఎస్ అనే సమూహం, 2022 జులైలో రెట్‌బ్లీడ్, 2023 జులైలో ఏఎమ్‌డీ జెన్ 2 తరం చిప్‌లకు చెందిన జెన్‌బ్లీడ్, అదే ఏడాది ఆగస్టులో ఇంటెల్‌కు చెందిన డౌన్‌ఫాల్, 2024 మార్చిలో ఆపిల్ ఎమ్-శ్రేణి చిప్‌లపై గోఫెచ్ బయటపడ్డాయి. ఒక్కొక్కటీ వేరే భాగాన్ని తాకుతుంది కాబట్టి ఒక్కోదానికి వేరే ప్యాచ్, వేరే ఖర్చు ఉంటాయి. పేరు విని భయపడేకంటే, అది ఏ తరం ప్రాసెసర్లకు వర్తిస్తుందో చూడటం మేలు.

## నా యంత్రం సంగతి

నా ఫోన్‌కి కూడా ఈ లోపం ఉందా?

అది ఫోన్ ప్రాసెసర్‌లోని కోర్‌లను (ఆదేశాలను నడిపే భాగాలను) బట్టి ఉంటుంది. తక్కువ ధర ఫోన్లలో చాలాకాలం విరివిగా వాడిన ఆర్మ్ కార్టెక్స్-ఏ53, దాని తరువాతి ఏ55 కోర్‌లు ఆదేశాలను వరుసక్రమంలోనే నడిపిస్తాయి. ఈ దాడికి కావలసినంత దూరం ఊహలోకి వెళ్లవు. కాబట్టి కేవలం అవే ఉన్న ఫోన్లకు 2018 నాటి మెల్ట్‌డౌన్, స్పెక్టర్ వర్తించవు. రాస్ప్‌బెర్రీ పై 3 సురక్షితమని చెప్పడానికి కారణం కూడా అదే ఏ53 కోర్. ఖరీదైన ఫోన్లలోని ఏ72, ఏ75 వంటి పెద్ద కోర్‌లు మాత్రం ఊహించి పనిచేసేవే. వాటికి ఫోన్ తయారీదారు ఇచ్చే ఆండ్రాయిడ్ భద్రతా అప్‌డేట్ తప్ప వేరే మార్గం లేదు. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్రౌజర్‌నైనా తాజాగా ఉంచుకోండి.

నాది ఏఎమ్‌డీ. నాకు బాధ లేదు కదా?

మెల్ట్‌డౌన్ విషయంలో నిజమే. ఏఎమ్‌డీ ప్రాసెసర్లకు అది వర్తించదు, అందుకే లైనక్స్ వాటిపై ఆ ప్యాచ్‌ను నడపదు. స్పెక్టర్ మాత్రం వాటికీ ఉంది. రెట్‌బ్లీడ్ జెన్ 1, జెన్ 1 ప్లస్, జెన్ 2 తరాలను తాకింది. జెన్‌బ్లీడ్ జెన్ 2లో మాత్రమే ఉంది. 2023లో వచ్చిన ఇన్‌సెప్షన్ అనే లోపం జెన్ 3, జెన్ 4లకూ చేరింది. కంపెనీ పేరును బట్టి నిశ్చింతగా ఉండే రోజులు పోయాయి.

ఇంట్లో వాడే ల్యాప్‌టాప్ మీద ఇంత కష్టపడి ఎవరు దాడి చేస్తారు?

ఇంటి యంత్రానికి దొంగ ఈమెయిల్, నకిలీ యాప్, పాత బ్రౌజర్ ఎక్కువ ప్రమాదకరం. ప్రాసెసర్ లోపాల విషయంలో, పరిశోధకుల ప్రదర్శనలు దాటి సామాన్యుల మీద పెద్ద ఎత్తున జరిగిన దాడి ఏదీ బయటికి రాలేదు. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మీరు తెరిచే ప్రతి వెబ్ పేజీ తన జావాస్క్రిప్ట్‌ను మీ ప్రాసెసర్‌పైనే నడుపుతుంది, స్పెక్టర్ మొదటి రకం జావాస్క్రిప్ట్ ద్వారా సాధ్యమేనని పరిశోధకులు చూపించారు. రెండోది, ఈ దాడి మామూలు లాగ్‌లలో జాడ వదలదు కాబట్టి దాడి జరిగిందో లేదో తర్వాత తెలుసుకునే అవకాశం చాలా తక్కువ. ఇంటి వాడకంలో ప్యాచ్‌ల ఖర్చు చాలావరకు కంటికి ఆననంత చిన్నది కాబట్టి వాటిని ఉంచుకోవడమే తెలివైన పని.

నా కంప్యూటర్‌లో ప్యాచ్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

లైనక్స్ అయితే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అనే ఆదేశం ఇవ్వండి. కొత్త పంపిణీలలో దాని చివరి భాగంలో ఒక్కో లోపం పేరు, దాని ఎదురుగా ఒక్కో స్థితి కనిపిస్తాయి. "నాట్ ఎఫెక్టెడ్" అని ఉంటే మీ చిప్‌కు ఆ లోపం లేదు. "మిటిగేషన్" అని మొదలైతే లోపం ఉంది కానీ దారి మూసి ఉంది. ఏ పద్ధతిలో మూశారో కూడా ఆ పక్కనే రాసి ఉంటుంది. "వల్నరబుల్" అని ఉంటే దారి తెరిచే ఉంది. ఆ వరుసలోనే "ఎస్‌ఎమ్‌టీ వల్నరబుల్" అని కనబడితే ప్యాచ్ ఉన్నా, ఒకే కోర్‌ను పంచుకునే రెండు థ్రెడ్‌ల (పని వరుసల) మధ్య దారి మిగిలి ఉందని అర్థం. "నో మైక్రోకోడ్" అని ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉన్నా ప్రాసెసర్‌కు కావలసిన అప్‌డేట్ రాలేదు.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన స్పెక్యులేషన్ కంట్రోల్ అనే పవర్‌షెల్ మాడ్యూల్ ఇదే సమాచారాన్ని చూపిస్తుంది.

మంచి యాంటీవైరస్ ఉంటే చాలదా?

చాలదు. యాంటీవైరస్ ఫైళ్లనూ ప్రోగ్రామ్‌ల ప్రవర్తననూ చూస్తుంది. ఈ దాడి మెమొరీని చదివి సమయం కొలిచే మామూలు ప్రోగ్రామ్‌లాగే కనిపిస్తుంది. పైగా 2018 జనవరిలో కొన్ని యాంటీవైరస్‌లు విండోస్ ప్యాచ్‌తో పొసగక యంత్రాలు ఆగిపోతుండటంతో, తాము సిద్ధమని యాంటీవైరస్ ఒక గుర్తు పెట్టేవరకు మైక్రోసాఫ్ట్ ఆ యంత్రాలకు ప్యాచ్‌నే ఇవ్వలేదు.

## అప్‌డేట్ పెట్టేటప్పుడు

మైక్రోకోడ్ అంటే ఏమిటి? బయోస్ అప్‌డేట్ తప్పనిసరిగా చేయాలా?

ప్రాసెసర్ లోపల కొన్ని సంక్లిష్ట ఆదేశాలను ఎలా నడపాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్‌ను మైక్రోకోడ్ అంటారు. కొన్ని లోపాలకు ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు ఒక్కటే చాలు, మెల్ట్‌డౌన్ అలాంటిది. స్పెక్టర్ రెండో రకం, ఎమ్‌డీఎస్, డౌన్‌ఫాల్ వంటివాటికి మైక్రోకోడ్ కూడా కావాలి. అది మదర్‌బోర్డ్ కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్ ద్వారా రావచ్చు, లేదా ప్రతిసారీ బూట్ అయ్యేటప్పుడు విండోస్, లైనక్స్ తమంతట తామే ఎక్కించవచ్చు. ఏ పద్ధతిలో వచ్చినా అది చిప్‌లో శాశ్వతంగా నిలవదు. కరెంటు పోతే పోయి, మళ్లీ బూట్‌లో ఎక్కుతుంది. పాత మదర్‌బోర్డ్‌కు కంపెనీ బయోస్ ఇవ్వడం మానేసినా చాలా సందర్భాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా మైక్రోకోడ్ అందుతుంది కాబట్టి నిరాశపడనక్కరలేదు.

అప్‌డేట్ పెడితే కంప్యూటర్ బూట్ కాదని విన్నాను. నిజమా?

2018 జనవరిలో అలా జరిగిన మాట నిజం. కొన్ని పాత ఏఎమ్‌డీ యంత్రాలు విండోస్ ప్యాచ్ తర్వాత బూట్ కాకపోవడంతో మైక్రోసాఫ్ట్ వాటికి దాన్ని తాత్కాలికంగా ఆపింది. ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్ వల్ల బ్రాడ్‌వెల్, హాస్‌వెల్ తరాల చిప్‌లున్న యంత్రాలు ఉన్నట్టుండి రీబూట్ అవుతుండటంతో, ఆ వెర్షన్‌ను పెట్టవద్దని జనవరి 22న ఇంటెల్ స్వయంగా ప్రకటించవలసి వచ్చింది. ఆ వెర్షన్లు ఎప్పుడో మారిపోయాయి. ఇప్పుడు పాత యంత్రానికి అప్‌డేట్ పెట్టేవారికి ఆ ప్రమాదం లేదు. అయినా బయోస్ మార్చేముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం, ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు పెట్టి ఉంచడం మరవకండి.

## వేగం గురించి

ప్యాచ్ పెడితే వేగం ఎందుకు తగ్గుతుంది?

మెల్ట్‌డౌన్ ప్యాచ్‌నే దగ్గరగా చూద్దాం. అంతకుముందు ప్రతి ప్రోగ్రామ్ మెమొరీ పటంలోనూ కెర్నల్ మొత్తం ఉండేది, "ముట్టకూడదు" అన్న గుర్తుతో. ప్రోగ్రామ్ ఫైల్ చదవమని అడిగినప్పుడు పటం మార్చకుండానే కెర్నల్ లోపలికి వెళ్లి రావచ్చు కాబట్టి అది వేగంగా ఉండేది. ఆ గుర్తును ప్రాసెసర్ సమయానికి పట్టించుకోదని తేలాక, గ్రాజ్ బృందం కైజర్ పేరుతో రాసిన ఆలోచన కేపీటీఐగా మారి లైనక్స్‌లో చేరింది. దాని ప్రకారం ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఒక పేజీ టేబుల్ (మెమొరీ పటం), కెర్నల్ నడిచేటప్పుడు మరొకటి. అంటే ప్రతి సిస్టమ్ కాల్‌కూ (ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏదైనా పని అడగడానికీ) ప్రతి అంతరాయానికీ వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి టేబుల్ మార్చాలి.

టేబుల్ మార్చిన ప్రతిసారీ, ఏ చిరునామా ఎక్కడుందో గుర్తుపెట్టుకునే టీఎల్‌బీ అనే నిల్వ ఖాళీ అయిపోతే ఆ సమాచారాన్ని మళ్లీ మెమొరీ నుండి వెతికి తెచ్చుకోవాలి. పీసీఐడీ అనే సదుపాయం ఉన్న ప్రాసెసర్లలో రెండు టేబుళ్ల సమాచారం పక్కపక్కనే ఉండగలదు కాబట్టి నష్టం తగ్గుతుంది. కాబట్టి మీరు చెల్లించే ధర మీ పని ఎన్నిసార్లు కెర్నల్ గడప దాటుతుందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే వేగం గురించిన చర్చల్లో సగం గందరగోళం తీరిపోతుంది.

సూటిగా చెప్పండి, ఎంత శాతం తగ్గుతుంది?

ఒక్క సంఖ్య చెప్పడం నిజాయితీ కాదు. ఎందుకో ఈ ఉదాహరణలు చూపిస్తాయి. నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తున్న బ్రెండన్ గ్రెగ్ 2018 ఫిబ్రవరిలో కేపీటీఐ భారం 1 శాతం నుండి 800 శాతానికి పైగా కూడా ఉండవచ్చని కొలిచి చూపించారు. ఆ పెద్ద సంఖ్య, సిస్టమ్ కాల్స్ తప్ప ఇంకేమీ చేయని కృత్రిమ పరీక్షకు సంబంధించినది. తమ సంస్థలో వాస్తవంగా నడిచే క్లౌడ్ యంత్రాలకు మాత్రం 0.1 నుండి 6 శాతం ఉంటుందని ఆయన అంచనా వేశారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌పై అతి చిన్న క్వెరీలను ఎడతెరిపి లేకుండా పంపే పరీక్షలో పీసీఐడీ ఉంటే 17 శాతం, లేకపోతే 23 శాతం తగ్గుదల కనిపించింది.

విండోస్ విషయంలో 2018 జనవరి 9న మైక్రోసాఫ్ట్ చెప్పింది ఇది: ఇంటెల్ ఆరో తరమైన స్కైలేక్, ఆ తర్వాతి ప్రాసెసర్లపై విండోస్ 10 ఉంటే తగ్గుదల ఒక అంకె శాతంలోనే ఉంటుంది, చాలామంది గమనించరు, హాస్‌వెల్, అంతకంటే పాత ప్రాసెసర్లపై కొందరికి తెలుస్తుంది, అదే పాత ప్రాసెసర్‌పై విండోస్ 7 లేదా 8 ఉంటే ఎక్కువమందికి తెలుస్తుంది. "30 శాతం పోతుంది" అని ఆ రోజుల్లో ఊరూరా పాకిన మాటలో అబద్ధం లేదు గానీ, అది ఎవరి పనికి వర్తిస్తుందో చెప్పకుండా పాకడం వల్ల అనవసరంగా భయపడినవారే ఎక్కువ.

స్పెక్టర్ ప్యాచ్ వల్ల కూడా వేగం తగ్గుతుందా?

తగ్గుతుంది, అయితే వేరే కారణంతో. రెండో రకం స్పెక్టర్‌కు ఇంటెల్ మొదట సూచించిన మైక్రోకోడ్ పద్ధతి, కెర్నల్‌లోకి వెళ్లినప్పుడు పరోక్ష దూకుళ్ల (ఎక్కడికి దూకాలో నడుస్తుండగానే తేలే ఆదేశాల) అంచనాను కట్టడి చేస్తుంది. స్కైలేక్ కాలపు చిప్‌లపై అది చాలా భారం. గూగుల్‌కు చెందిన పాల్ టర్నర్ రెట్‌పోలిన్ అనే ఉపాయాన్ని ముందుకు తెచ్చారు. పరోక్ష దూకుడును "తిరిగి రా" ఆదేశంగా మార్చి, ప్రాసెసర్ ఊహించినా అక్కడికక్కడే తిరిగే ఒక చిన్న వలయంలో చిక్కుకునేలా కోడ్‌ను రాయడమే ఆ ఉపాయం. చాలా పనుల్లో దాని భారం స్వల్పం.

ఐదేళ్లు నిండకముందే రెట్‌బ్లీడ్ వచ్చి, కొన్ని చిప్‌లలో "తిరిగి రా" ఆదేశాన్ని కూడా మోసగించవచ్చని చూపింది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు దాని ప్యాచ్ భారాన్ని కొలిచి, ఏఎమ్‌డీపై 14 శాతం వరకు, ఇంటెల్‌పై 39 శాతం వరకు ఉంటుందని ప్రకటించారు. అవి జెన్ 1 నుండి జెన్ 2 వరకు ఉన్న ఏఎమ్‌డీ, ఆరు నుండి ఎనిమిదో తరం వరకు ఉన్న ఇంటెల్ చిప్‌లకు చెందిన సంఖ్యలు.

గేమ్‌లు, వీడియో ఎడిటింగ్ నెమ్మదిస్తాయా?

దాదాపు తెలియదు. గేమ్‌లో భారం చాలావరకు గ్రాఫిక్స్ కార్డ్ మీద, మిగతాది ప్రోగ్రామ్ సొంత లెక్కల మీద ఉంటుంది. వీడియో ఎన్‌కోడింగ్ కూడా కెర్నల్‌ను అరుదుగానే పిలుస్తుంది. వేగమైన ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్‌పై వేలకొద్దీ చిన్న ఫైళ్లను కాపీ చేసేటప్పుడు, పెద్ద ప్రాజెక్టును కంపైల్ చేసేటప్పుడు మాత్రం తేడా కనిపించవచ్చు. ఆన్‌లైన్ గేమ్‌ల సర్వర్ల సంగతి వేరు: ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్ 2018 జనవరిలో, ప్యాచ్ పెట్టిన తర్వాత తమ క్లౌడ్ సర్వర్‌లలో ఒకదాని ప్రాసెసర్ వాడకం బాగా పెరిగినట్లు చూపే గ్రాఫ్‌ను బయటపెట్టింది.

డౌన్‌ఫాల్ ప్యాచ్ వల్ల 50 శాతం వేగం పోతుందట. నా పని ఆగిపోతుందా?

"50 శాతం వరకు" అన్నది ఇంటెల్ చెప్పిన మాటే, కానీ అది కొన్ని పనులకే. డౌన్‌ఫాల్ లోపం గ్యాదర్ అనే ఆదేశంలో ఉంది; మెమొరీలో చెల్లాచెదురుగా ఉన్న విలువలను ఒకేసారి ఏరి తేవడం దాని పని. ప్యాచ్ ఆ ఆదేశాన్నే నెమ్మదింపజేస్తుంది కాబట్టి శాస్త్రీయ గణనలు, కొన్ని రకాల చిత్ర సంస్కరణ, మెషీన్ లెర్నింగ్ లెక్కలు చేసేవారికి గట్టిగా తగులుతుంది. టైపింగ్, బ్రౌజింగ్, లెక్కల షీట్‌లు చేసుకునేవారికి తెలియదు. ఆరో తరం స్కైలేక్ నుండి పదకొండో తరం వరకు ఉన్న ఇంటెల్ చిప్‌లకే ఇది వర్తిస్తుంది. పన్నెండో తరం నుండి లేదు.

నా పాత ల్యాప్‌టాప్ ఈ మధ్య బాగా నెమ్మదించింది. ప్యాచ్‌ల వల్లేనా?

ఒకవేళ భాగం ఉన్నా, అది అరుదుగానే ప్రధాన కారణం. హార్డ్ డిస్క్ ముసలిదవడం, నాలుగు జీబీ మెమొరీలో నేటి బ్రౌజర్ ఇరుక్కోవడం, ఫ్యాన్‌లో దుమ్ము చేరి వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకోవడం ఎక్కువగా చూసే కారణాలు. ఎస్‌ఎస్‌డీ వేయించి, ఫ్యాన్ శుభ్రం చేయిస్తే వచ్చే తేడా ముందు ప్యాచ్‌లు తీసేస్తే వచ్చే తేడా ఏ మూలకూ రాదు. పైగా 2019లో విండోస్ 10 కూడా రెట్‌పోలిన్‌ను అందిపుచ్చుకోవడంతో పాత యంత్రాలకు పోయిన వేగంలో కొంత తిరిగి వచ్చింది.

క్రోమ్ ఇంత మెమొరీ తినడానికి కూడా ఇదే కారణమా?

కొంతవరకు అవును. 2018లో క్రోమ్ 67 నుండి ఒక్కో వెబ్‌సైట్‌ను ఒక్కో ప్రాసెస్‌లో వేరుగా ఉంచడం మొదలైంది. ఒక సైట్ తప్పుడు ఊహతో చదివినా పక్క సైట్ సమాచారం ఆ ప్రాసెస్‌లోనే ఉండకూడదన్నది ఉద్దేశం. దానికి 10 నుండి 13 శాతం అదనపు మెమొరీ పడుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ 2018 జనవరి 4నే 57.0.4 వెర్షన్‌తో వెబ్ పేజీలు చూసే గడియారపు సూక్ష్మతను తగ్గించింది. సమయాన్ని కచ్చితంగా కొలవలేని దొంగకు వేగమైన గది ఏదో, నెమ్మదైన గది ఏదో తెలియదు.

## సర్వర్లు నడిపేవారికి

హైపర్‌థ్రెడింగ్ ఆపేయాలా?

హైపర్‌థ్రెడింగ్ అంటే ఒకే కోర్ రెండు థ్రెడ్‌లను ఒకేసారి నడపడం. ఆ రెండూ కొన్ని నిల్వలను పంచుకుంటాయి కాబట్టి ఫోర్‌షాడో, ఎమ్‌డీఎస్ వంటి లోపాలున్న చిప్‌లలో పక్క థ్రెడ్ ద్వారా సమాచారం కారే అవకాశం ప్యాచ్ తర్వాతా మిగులుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2018 జూన్‌లోనే దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. 2019లో గూగుల్ క్రోమ్ ఓఎస్ 74లో ఆపింది. ఒకరినొకరు నమ్మని వినియోగదారుల కోడ్ అదే యంత్రంపై నడుస్తుంటే, చిప్ పాతదైతే, ఆపడం సరైన పని. యంత్రమంతా మీ సొంత కోడ్‌దే అయితే ఆపి నష్టపోవడం అనవసరం. లైనక్స్ 5.14లో వచ్చిన కోర్ షెడ్యూలింగ్ మధ్యేమార్గం: పరస్పరం నమ్మే పనులనే ఒక కోర్‌లో జతగా కూర్చోబెడుతుంది.

అన్ని రక్షణలూ ఎప్పుడూ పూర్తిగా ఆన్‌లో ఉండటమే మంచిది కదా?

2018 నవంబరులో లైనక్స్ 4.20 తయారీలో ఇదే ప్రశ్న వచ్చింది. ఒక థ్రెడ్ పక్క థ్రెడ్ ఊహలను ప్రభావితం చేయకుండా ఆపే ఎస్‌టీఐబీపీ అనే రక్షణను అన్ని ప్రోగ్రామ్‌లకూ ఒకేసారి పెట్టగా, కొన్ని పనుల్లో వేగం 50 శాతం వరకు పడిపోయింది. అంత ధర చెల్లించేవారు హైపర్‌థ్రెడింగ్‌నే ఆపేసుకుంటారు కదా అని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అభ్యంతరం చెప్పారు. విడుదలకు ముందే దాన్ని, కోరుకున్న ప్రోగ్రామ్‌లకు మాత్రమే వర్తించేలా మార్చారు. ఇప్పుడు లైనక్స్‌లో వచ్చే డిఫాల్ట్‌లు ఇలాంటి వాదప్రతివాదాల్లో నలిగి తేలినవి. వాటిని బిగించడానికైనా సడలించడానికైనా మీ దగ్గర కొలతలు ఉండాలి.

మాది క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్. ప్యాచ్ బాధ్యత ఎవరిది?

ఇద్దరిదీ. కింది యంత్రాన్ని, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్‌ను, మైక్రోకోడ్‌ను క్లౌడ్ సంస్థ చూసుకుంటుంది. మీ వర్చువల్ మెషీన్ పక్కవాడి నుండి భద్రంగా ఉండటం దాని పని. మీ మెషీన్ లోపల ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను, కెర్నల్‌ను చదవకుండా చూడటం మీ కెర్నల్ అప్‌డేట్ పని. దాన్ని క్లౌడ్ సంస్థ మీ బదులు చేయదు. హైపర్‌వైజర్ కొత్త మైక్రోకోడ్ సదుపాయాలను మీ మెషీన్‌కు చూపించకపోతే లోపల కెర్నల్ కొత్తదైనా కొన్ని రక్షణలు పనిచేయవు. అందుకే అప్‌డేట్ తర్వాత మెషీన్‌ను ఒకసారి పూర్తిగా ఆపి మొదలుపెట్టి, స్థితిని చూసుకోవాలి.

మా సర్వర్‌పై అసలు నష్టం ఎంతో ఎలా కొలవాలి?

ముందుగా మీ పని సెకనుకు ఒక్కో కోర్‌పై ఎన్ని సిస్టమ్ కాల్స్ చేస్తుందో పర్ఫ్ వంటి పనిముట్టుతో చూడండి; అది వేలల్లో ఉంటే కేపీటీఐ భారం స్వల్పం, లక్షల్లో ఉంటే తప్పక కొలవాలి. తర్వాత ఒకే యంత్రం, ఒకే కెర్నల్, ఒకే లోడ్‌తో రక్షణలు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి పరీక్షించండి. వేర్వేరు కెర్నల్ వెర్షన్లను పోలిస్తే మిగతా మార్పులన్నీ అందులో కలిసిపోతాయి. సగటు సమయంతో సరిపెట్టుకోకుండా, అతి నెమ్మదైన ఒక శాతం అభ్యర్థనలకు ఎంత పట్టిందో కూడా రాసుకోండి. వినియోగదారుడు ఫిర్యాదు చేసేది వాటి గురించే. భారం ఎక్కువని తేలితే రక్షణ తీసేకంటే ముందు గడప దాటడం తగ్గించండి: చిన్న చిన్న రాతలను కలిపి ఒకేసారి రాయడం, డేటాబేస్ క్వెరీలను గుంపుగా పంపడం, పెద్ద పేజీలు వాడటం. ఇవి ప్యాచ్ లేకపోయినా లాభమే.

## ఆపడం, మార్చడం

అన్నీ ఒకేసారి ఆపేసే సెట్టింగ్ ఉందట. పెట్టుకోవచ్చా?

లైనక్స్ 5.2 నుండి బూట్ వరుసలో "మిటిగేషన్స్ ఈక్వల్స్ ఆఫ్" అని రాస్తే ఐచ్ఛిక రక్షణలన్నీ ఆగిపోతాయి. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా, ఒకే సంస్థ సొంత లెక్కలు మాత్రమే నడిచే గణన క్లస్టర్‌లో దాన్ని ఆలోచించి పెట్టవచ్చు. బ్రౌజర్ తెరిచే యంత్రంలో, ఇతరుల కోడ్ లేదా కంటైనర్లు నడిచే సర్వర్‌లో, డబ్బు లేదా ఆరోగ్య వివరాలున్న చోట పెట్టకూడదు. ఈ విషయంలో నేను మొహమాటపడను: ఇతరుల సమాచారం మీ చేతిలో ఉన్నప్పుడు ఆ కాస్త వేగం మీ సొంతం కాదు.

పైగా కొత్త చిప్‌లలో ఆపినా లాభం ఉండకపోవచ్చు. 2022లో ఏఎమ్‌డీ జెన్ 4పై లైనక్స్ పరీక్షల వెబ్‌సైట్ ఫోరోనిక్స్ చేసిన పరీక్షల్లో రక్షణలు ఆపితే కొన్ని పనులు మరింత నెమ్మదించాయి. ఆ చిప్ రక్షణలు ఉంటాయన్న లెక్కతోనే తయారై ఉండవచ్చు.

కొత్త ప్రాసెసర్ కొంటే ఈ బెడద పోతుందా?

ఖర్చు చాలా తగ్గుతుంది, బెడద పూర్తిగా పోదు. ఇంటెల్ 2018 చివర వచ్చిన తొమ్మిదో తరం చిప్‌లలో కొన్నింటి నుండి, 2019 నాటి కాస్కేడ్ లేక్ సర్వర్ చిప్‌ల నుండి మెల్ట్‌డౌన్‌ను సిలికాన్‌లోనే సరిదిద్దింది. అలాంటి చిప్‌పై లైనక్స్ కేపీటీఐని వాడదు, ఆ భారమూ ఉండదు. స్పెక్టర్ రెండో రకానికి కాస్కేడ్ లేక్ నుండి తక్కువ ఖర్చుతో నడిచే మెరుగైన పద్ధతి చిప్‌లోనే వచ్చింది. పాత సర్వర్‌ను ప్యాచ్‌ల భారంతో నడుపుతూ విద్యుత్ బిల్లు కట్టడం లాభమా, కొత్తది కొనడం లాభమా అన్నది మీ కొలతలను చూసి తేల్చుకోవలసిన లెక్క. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేవారు మాత్రం ఆరు నుండి ఎనిమిదో తరం ఇంటెల్ చిప్‌లపై ఒకదాని మీద ఒకటిగా పేరుకున్న ప్యాచ్‌లను ధరలో లెక్కించుకోవడం మంచిది.

అసలు ఊహించి పనిచేయడమే మానేస్తే పోదా?

పోతుంది, కానీ దానితోపాటు ప్రాసెసర్ వేగంలో పెద్ద భాగమూ పోతుంది. వరుసక్రమంలో మాత్రమే నడిచే చిన్న ఫోన్ కోర్‌లకూ పెద్ద డెస్క్‌టాప్ కోర్‌లకూ ఉన్న దూరంలో చాలావరకు దానిదే. అందుకే ఇంజనీర్లు ఊహను అవసరమైన చోట మాత్రమే ఆపే దారిలో నడుస్తున్నారు. లైనక్స్ కెర్నల్‌లో వినియోగదారుడు ఇచ్చిన సంఖ్యతో వరుసలోని గదిని చదివే చోట్లను గుర్తించి, ఊహలో ఉన్నప్పుడు కూడా ఆ సంఖ్య హద్దు దాటకుండా రెండు మూడు ఆదేశాలతో మాస్క్ చేస్తారు. రహస్య కీలను వాడే ప్రోగ్రామ్, తనకు మాత్రం కఠిన రక్షణ కావాలని కెర్నల్‌ను కోరవచ్చు. ఆ ధర ఆ ఒక్క ప్రోగ్రామ్ మీదే పడుతుంది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలు రాసేవారు రహస్య విలువను బట్టి దారి మారని, మెమొరీ చిరునామా మారని పద్ధతిలో కోడ్ రాస్తారు. అయితే గోఫెచ్ ఆపిల్ చిప్‌లలో ఆ పద్ధతినీ దెబ్బతీసింది. విలువను చూసి అదొక చిరునామా కావచ్చని భావించి ముందే తెచ్చే ప్రిఫెచర్ అందుకు కారణం. దాన్ని ఆపే వీలు ఎమ్3లో ఉంది, ఎమ్1, ఎమ్2లలో లేదు.